తిరుగు దారి నుంచి రాసిన లెక్క

మార్కాపురం పలక మీద బలపంతో అఆలు దిద్దిన తరానికి, సముద్రంలో దిగే డైవర్ల దగ్గర కూడా ఒక పలక ఉంటుందంటే వింతగా తోస్తుంది. అది రాతి పలక కాదు, అరచేయంత తెల్లటి ప్లాస్టిక్ రేకు. దానికి దారంతో కట్టిన మామూలు పెన్సిల్. నీళ్ళలో మునిగి ఉండగానే దాని మీద రాయవచ్చు, తుడపవచ్చు. అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో, అంటే 2018 డిసెంబరు దాకా హేవ్‌లాక్ అని పిలిచిన దీవిలో, పొద్దున్నే పడవ ఎక్కే డైవ్‌మాస్టర్ల చేతుల్లో అలాంటివి కనిపిస్తాయి. మీద నాలుగు అంకెలు, రెండు బాణాలు, కొన్ని పొట్టి మాటలు. తెలియనివాళ్ళు చూస్తే చాకలి పద్దు అనుకుంటారు.

పగడాల రంగుల గురించి, చేపల గుంపుల గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. మనిషిని ఆ రంగుల దాకా తీసుకెళ్ళి మళ్ళీ పడవ మీద కూర్చోబెట్టే ఈ పద్దులో ఎంత పనితనం ఉందో చూపించడమే ఈ వ్యాసం పని.

సూర్యలంక ఉంది, చీరాల ఓడరేవు ఉంది, కొత్తపట్నం ఉంది, వాటిని వదిలి అంత దూరం పోవడం దేనికని గుంటూరు, ఒంగోలు వాళ్ళు అడగవచ్చు. మన తీరంలోనూ దిగవచ్చు, కానీ చూడడానికేమీ ఉండదు. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల ఒడ్డు పొడవునా సముద్రం అడుగు ఇసుక, ఒండ్రు. ఏటా కృష్ణ తెచ్చి పోసే మట్టి అలలకు లేస్తూనే ఉంటుంది. పగడానికి రెండు కావాలి: కరుచుకోవడానికి గట్టి రాయి, తన ఒంట్లో కాపురముండే నాచుకు ఎండ. రాయి లేని, వెలుగు దిగని చోట పగడం పెరగదు. మన దగ్గర పత్తికీ మిరపకూ ప్రాణమైన నల్లరేగడి లాంటి మెత్తటి నేల సముద్రంలో పగడానికి శత్రువు. విశాఖ దగ్గర రుషికొండ వైపు రాతి అడుగు ఉంది కాబట్టి అక్కడ స్కూబా నేర్పేవాళ్ళున్నారు. నీటి స్పష్టతా, పగడాల దట్టమూ కావాలంటే మాత్రం తూర్పున పన్నెండు వందల కిలోమీటర్ల అవతలికి పోవాల్సిందే.

పోయాక పరాయి చోటు అనిపించదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. వాళ్ళలో ఎక్కువ మంది పూర్వీకులు శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్ళిన బెస్తవాళ్ళు, కూలీలు. స్వరాజ్ ద్వీప్‌లో మాత్రం దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎక్కువ. గోవింద్ నగర్, విజయ్ నగర్, రాధా నగర్ అన్న ఊళ్ళ పేర్లు వాళ్ళ కాలం నాటివే. పడవల మీద పనిచేసేవాళ్ళలో 1925లో బర్మా నుంచి వచ్చిన కరెన్‌ల వారసులు కనిపిస్తారు. డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్, జాక్సన్స్ బార్ అని ఇక్కడ పేరుపడ్డ డైవింగ్ చోట్లకు కరెన్ పడవవాళ్ళ పేర్లే పెట్టారని దీవిలో చెప్పుకుంటారు.

ఆ డిక్సన్స్ పినకిల్‌నే తీసుకుందాం. సముద్రం అడుగు నుంచి లేచిన మూడు రాతి శిఖరాలు. పైకొన ఇంచుమించు 18 మీటర్ల లోతులో ఉంటుంది, మొదలు 30 మీటర్లు దాటుతుంది. అక్కడ దిగడానికి పలక మీద రాయాల్సిన వరసలు పై నుంచి కిందికి ఇలా ఉంటాయి: చోటు-పోటు, మనుషులు, దిగే తీరు, లోతు-సమయం, గాలి, పైకొచ్చే తీరు, రెండో మునక, విమానం. ఎనిమిది వరసలు. రాసేది పై నుంచి కిందికే. ఆలోచన మాత్రం కింది నుంచి పైకి నడుస్తుంది. ప్రతి వరసా దాని కింది వరస పెట్టిన షరతుకు లోబడి పుడుతుంది. కాబట్టి మనమూ కింది నుంచే చదువుదాం.

ఎనిమిదో వరస విమానం. ఈతకూ విమానానికీ ఏం సంబంధమని కొత్తవాళ్ళు నవ్వుతారు. మనం పీల్చే గాలిలో అయిదింట నాలుగు పాళ్ళు నైట్రోజన్. ఒడ్డున ఉన్నంతసేపు అది వస్తుంది, పోతుంది, మనకేమీ కాదు. నీళ్ళలో ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణపు ఒత్తిడి అదనంగా చేరుతుంది. 30 మీటర్ల దగ్గర మొత్తం నాలుగింతలు. ఆ ఒత్తిడికి నైట్రోజన్ రక్తంలోకీ కండల్లోకీ కొవ్వులోకీ ఎక్కువగా కరిగి చేరుతుంది. మెల్లగా పైకొస్తే ఊపిరితోనే మెల్లగా పోతుంది. ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే ఉన్నచోటే బుడగలు కడుతుంది. కీళ్ళ నొప్పులు, తిమ్మిర్లు, ముదిరితే వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు పడిపోవడం దాకా పోవచ్చు. పడవ ఎక్కాక కూడా ఒంట్లో కొంత నైట్రోజన్ మిగిలే ఉంటుంది. విమానం లోపలి గాలి ఒత్తిడి సుమారు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీది ఒత్తిడితో సమానం. నిన్న మునిగి ఇవాళ విమానం ఎక్కడమంటే నీళ్ళలోంచి ఇంకా పైకి తేలడమే. అందుకే ఒక్కసారే దిగినవాళ్ళు కనీసం 12 గంటలు, వరసగా పలుసార్లు దిగినవాళ్ళు కనీసం 18 గంటలు ఆగాలని నియమం. ఓడలో విశాఖ వచ్చేవాళ్ళకు ఈ బెడద లేదు.

దీని ఫలితం చూడండి. ఆదివారం పొద్దున 9 గంటలకు విమానమైతే, శనివారం మధ్యాహ్నం 3 గంటల తర్వాత నీళ్ళలో ఉండకూడదు. ఆ సాయంత్రానికే ఫెర్రీ ఎక్కి, 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ చేరాలి. పని తెలిసినవాడు శుక్రవారంతోనే డైవింగ్ ముగించి, శనివారం పొద్దున్న రాధానగర్ బీచ్‌కు రాసిపెడతాడు. నాలుగు రోజుల సెలవులో ఒక రోజు అప్పుడే పోయింది. డైవర్ ఇంకా తడవలేదు, లెక్క మొదలైపోయింది.

ఏడో వరస రెండో మునక. సాధారణంగా ఒక పొద్దున రెండుసార్లు దిగుతారు. లోతైనది ముందు, లోతు తక్కువది తర్వాత. మధ్యలో కనీసం గంట పడవ మీదో ఒడ్డునో కూర్చోవాలి. నీళ్ళు తాగాలి, ఎండ తగలకుండా చూసుకోవాలి. ఆ గంటలో మనిషి ఊరికే కూర్చున్నట్టు కనిపిస్తాడు గానీ ఒంట్లోంచి నైట్రోజన్ దిగిపోతూ ఉంటుంది. మొదట డిక్సన్స్ అయితే రెండోది ఒడ్డుకు దగ్గరున్న నీమో రీఫ్ లాంటి చోటు. ఈ వరస గురించి ఇంతే.

ఆరో వరస పైకొచ్చే తీరు. నిమిషానికి 9 మీటర్లకు మించకుండా లేవాలి. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి. పలక మీద ఇది మూడు అంకెలే. ఆ అంకెల వెనకున్న కథలో మన కాకినాడ కూడా ఉంది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్రిటిష్ నౌకాదళం తన డైవర్లు పైకొచ్చాక ఎందుకు కూలబడుతున్నారో తేల్చమని జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్తను అడిగింది. ఆయన లండన్‌లో ఒక ఉక్కు గదిలో మేకలను ఉంచి, లోపలి ఒత్తిడి పెంచి, తగ్గించి చూశాడు. ఎంత సేపు ఉంచినా, రెండింతల ఒత్తిడి నుంచి మామూలు ఒత్తిడికి తెచ్చిన మేక కుంటలేదు. అంతకు మించి ఒక్కసారిగా తగ్గిస్తే కాలెత్తేసేది. దాన్నుంచి ఆయన ఒక సూత్రం పట్టాడు: పైకి రావడం ఒకే జారుడుగా కాక మెట్లు మెట్లుగా ఉండాలి, ఒక్కో మెట్టులో ఒత్తిడి సగానికి మించి తగ్గకూడదు. 1906లో స్కాట్లండ్ తీరాన ఇద్దరు నౌకాదళ డైవర్లు ఈ పద్ధతిలో 64 మీటర్ల దాకా దిగి క్షేమంగా వచ్చారు. ఆ ప్రయోగాల ఓడ మీద 13 ఏళ్ళ కుర్రవాడు కూడా ఉన్నాడు. హాల్డేన్ కొడుకు. తండ్రి వాడికి పెద్దవాళ్ళ డైవింగ్ సూటు తొడిగి నీళ్ళలోకి దింపాడు. కొలత సరిపోక మణికట్ల దగ్గర నుంచి నీళ్ళు చొరబడ్డాయి. కుర్రవాడు బెదరలేదు. ఆ మెట్ల పట్టికలు 1908లో అచ్చయ్యాయి. ఇవాళ డైవర్ల మణికట్టు మీద మెరిసే కంప్యూటర్లన్నీ ఆ ఆలోచనకు వారసులే.

ఆ కుర్రవాడే తర్వాత జె.బి.ఎస్. హాల్డేన్‌గా ప్రపంచమంతా ఎరిగిన జన్యుశాస్త్రవేత్త. 1939లో థెటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయినప్పుడు, ఒత్తిడిలో మనిషికి ఏమవుతుందో తెలుసుకోవడానికి తానే ఉక్కు గదిలో కూర్చున్నాడు. ఆ ప్రయోగాల్లో కర్ణభేరి చిల్లుపడింది. చిల్లుపడితేనేం, చెవిలోంచి పొగాకు పొగ వదలవచ్చు కదా అని నవ్వేశాడు. 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడ్డాడు, ఇక్కడి పౌరుడయ్యాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన దేహాన్ని వైద్యవిద్యకు వాడుకోమని రాసిపెట్టాడు. అది కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి చేరింది. 5 మీటర్ల దగ్గర తాడు పట్టుకుని మూడు నిమిషాలు వేలాడే తెలుగువాడికి ఈ సంగతి తెలిస్తే ఆ మూడు నిమిషాలు విసుగనిపించవు.

అయిదో వరస గాలి. పలక మొత్తంలో పనితనం చిక్కబడే చోటు ఇదే. ఇక్కడ కాస్త నిలబడి చూడాలి.

స్కూబా నేర్చుకున్న ప్రతివాడికీ ఒక అంకె వచ్చు: 50. సిలిండర్‌లో 50 బార్ ఒత్తిడి మిగిలి ఉండగా పడవ దగ్గరికి రావాలి. నిండు సిలిండర్‌లో 200 బార్ ఉంటుంది కాబట్టి నాలుగో వంతు పొదుపు అన్నమాట. వినడానికి పెద్ద పొదుపే. కానీ ఇది పడవ మీద చెప్పే అంకె. 30 మీటర్ల దగ్గర నా గాలి ఆగిపోయి, పక్కనున్నవాడి సిలిండర్ నుంచే ఇద్దరం పీల్చాల్సి వస్తే అతని దగ్గర ఎంత ఉండాలి అన్న ప్రశ్నకు అది జవాబు కాదు. మంచి పథకం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.

లెక్క వేద్దాం. సాధారణంగా ఇచ్చే అల్యూమినియం సిలిండర్ లోపలి చోటు సుమారు 11 లీటర్లు. 200 బార్ నింపితే దాదాపు 2,200 లీటర్ల గాలి. కుదురుగా ఈదే మనిషికి పైన నిమిషానికి 20 లీటర్లు చాలు. భయపడ్డ మనిషికి 30 అనుకుందాం. ఇద్దరికీ కలిపి 60. లోతులో ఒత్తిడి ఎన్ని రెట్లయితే ఖర్చూ అన్ని రెట్లు. ఆపద తెలిసి, దగ్గరికి చేరి, గాలి అందుకుని కుదుటపడడానికి ఒక నిమిషం: 60 లీటర్లు నాలుగింతలు, 240. నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకి రావడానికి మూడు నిమిషాల పైచిలుకు. దారిలో సగటు ఒత్తిడి రెండున్నర రెట్లు కాబట్టి ఇంకో 500. అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాల మజిలీకి 270. మొత్తం 1,010 లీటర్లు. సిలిండర్ ముల్లు మీద అది 90 బార్ పైమాటే. ముల్లు చూసుకోవడంలో తేడాకు కొంత కలిపి 100 అని రాస్తారు.

అంటే 30 మీటర్ల దగ్గర సగం సిలిండర్ మనది కాదు. 50 బార్‌నే నమ్ముకుని అక్కడే ఉన్నవాళ్ళ సంగతి కూడా ఇదే లెక్క చెబుతుంది: 550 లీటర్లు, నిమిషానికి 240 చొప్పున, రెండుంపావు నిమిషాలు. పైకి రావడానికే మూడు నిమిషాలు పడుతుంది.

మెట్ట రైతు ఇళ్ళలో పూర్వం పంట ఇంటికొచ్చాక ముందు విత్తనం గింజలు తీసి గాదెలో కట్టిపెట్టేవాళ్ళు. తిండిగింజల లెక్క ఆ తర్వాతే. కరువొచ్చినా ఆ మూట విప్పేవాళ్ళు కాదు. ఇక్కడి 100 బార్ కూడా అలాంటి మూటే. తేడా ఏమిటంటే, ఇది నా కోసం కట్టిన మూట కాదు, నా పక్కవాడి కోసం. అతని సిలిండర్‌లో నా కోసం ఇంకో మూట ఉంది. ఈ ఏర్పాటు అర్థమైన రోజున సిలిండర్ ముల్లు చూసే తీరే మారిపోతుంది.

ఇంకో మెలిక ఉంది. లోతు తగ్గే కొద్దీ పక్కన పెట్టాల్సిన గాలి కూడా తగ్గుతుంది. 24 మీటర్ల దగ్గర పై లెక్కే వేస్తే 75 బార్, 18 మీటర్ల దగ్గర 60 బార్ వస్తాయి. నీళ్ళలో ఈ లెక్కలు కట్టలేం కాబట్టి పలక మీద మూడు జంటలుగా రాసుకుంటారు: 30కి 100, 24కి 75, 18కి 60. ఇవి గీతలు. ముల్లు గీత తాకితే ఎదురుగా ఏ చేప కనిపించినా ఆ లోతు వదిలేయాలి.

నాలుగో వరస లోతు, సమయం. ఇది ఇప్పుడు దానంతటదే వచ్చేస్తుంది. 30 మీటర్ల దగ్గర నిమిషానికి 80 లీటర్ల చొప్పున, వాడుకోదగ్గ 100 బార్ పద్నాలుగు నిమిషాలు కూడా రాదు. నైట్రోజన్ పట్టిక ప్రకారం ఆ లోతులో 20 నిమిషాలు ఉండవచ్చు. గాలి పద్నాలుగే అంటోంది. రెండింటిలో చిన్నదే చెల్లుతుంది. డిక్సన్స్ రాళ్ళు నిలువుగా లేచినవి కాబట్టి డైవ్‌మాస్టర్ ఆ ఆకారాన్నే సాయం తెచ్చుకుంటాడు. మొదట అట్టడుగుకు దిగి, ఎనిమిది నిమిషాలే ఉండి, రాయి చుట్టూ తిరుగుతూ పైకి రావడం. దిగడానికి రెండు నిమిషాలు, 30 దగ్గర ఎనిమిది: ముల్లు 133 దగ్గరికి వస్తుంది. 24 దగ్గర ఆరు నిమిషాలు: 96. కొన దగ్గర, 18లో, ఏడు నిమిషాలు: 60. అక్కడితో గీత తాకింది, పైకి. పైకి రావడం, మజిలీ కలుపుకుంటే అరగంటకు దగ్గర. అనుభవం వల్ల నిమిషానికి 15 లీటర్లే పీల్చేవాళ్ళకు ఇంకాస్త ఎక్కువ దొరుకుతుంది. ఇందులో బుద్ధికి కూడా వాటా ఉంది: 30 మీటర్ల దగ్గర నైట్రోజన్ కొందరికి మత్తులా తలకెక్కుతుంది. లోతైన పని ముందే, తల చురుగ్గా ఉండగానే ముగించి, మత్తు వదిలే లోతుల్లో మిగతా కాలం గడపడం ఈ అమరికలో దాగిన జాగ్రత్త.

మూడో వరస దిగే తీరు. మొదటి పది మీటర్లలోనే ఒత్తిడి రెట్టింపవుతుంది కాబట్టి చెవుల తంటా అంతా అక్కడే. ముక్కు మూసి మెల్లగా ఊది చెవులు సర్దుకోవాలి; నొప్పి పుట్టాక కాదు, పుట్టకముందే, మొదటి మీటరు నుంచీ. జలుబు చేసినవాడు ఆ రోజు పడవ మీద కాపలా ఉండాల్సిందే. దూకే ముందు జంటలో ఒకరి సరంజామా ఒకరు తడిమి చూస్తారు: గాలి సంచి నిండుతోందా, బరువుల బెల్టు ఒక్క లాగుతో ఊడుతుందా, కట్లు బిగిశాయా, సిలిండర్ పూర్తిగా తెరిచి ఉందా. నాలుగో ప్రశ్నకు నోటి జవాబు చాలదు. ముల్లు చూస్తూ రెండుమూడుసార్లు పీల్చి చూపించాలి. సిలిండర్ సరిగ్గా తెరవకపోతే ముల్లు పీల్చినప్పుడల్లా ఊగుతుంది.

రెండో వరస మనుషులు. సాగర్ దగ్గరా, ప్రకాశం బ్యారేజీ దగ్గరా గజ ఈతగాళ్ళను చూసినవాళ్ళం మనం. ఊపిరి బిగబట్టి ఎంత సేపు కింద ఉండగలిగితే అంత మొనగాడు. స్కూబాలో ఆ విద్య పనికిరాదు, పైగా ప్రాణాంతకం. లోతులో సిలిండర్ గాలి పీల్చి, బిగబట్టి పైకొస్తే, ఒత్తిడి తగ్గే కొద్దీ ఆ గాలి విచ్చుకుని ఊపిరితిత్తులను చీల్చగలదు. అందుకే ఊపిరి ఎన్నడూ ఆపకూడదన్నది మొదటి పాఠం. దిగుడు బావుల్లో ఆరితేరిన మన ఈతగాళ్ళు కొత్తలో ఇక్కడే తడబడతారు. డైవ్‌మాస్టర్ ఈ వరసలో పేర్లు రాసేటప్పుడు బలవంతుణ్ణి చూడడు. ఎక్కువ గాలి పీల్చేది ఎవరో, తక్కువ అనుభవం ఎవరిదో చూస్తాడు. జట్టంతా వాళ్ళ కొలతకే నడుస్తుంది. మొదటి స్థాయి శిక్షణ ఉన్నవాళ్ళకు 18 మీటర్లే హద్దు. వాళ్ళు డిక్సన్స్ కొనను తాకి రావడం తప్ప చేసేదేమీ ఉండదు కాబట్టి వాళ్ళను వేరే చోటికి పంపుతాడు. శిక్షణ లేకుండా సరదాగా దిగే యాత్రికులకు 12 మీటర్లు హద్దు. శిక్షకుడు వాళ్ళను చేతితో పట్టుకునే ఉంటాడు.

సైగలు కూడా ఈ వరసలోవే. మనకు బొటనవేలు పైకెత్తితే భేష్ అని. నీళ్ళలో దానర్థం పైకి పోదాం, ఇక చాలు అని. ఆ వేలు ఎవరు ఎత్తినా, ఎందుకు ఎత్తినా, ఎదురు ప్రశ్న వేయకూడదు. ఒడ్డుకొచ్చాక కూడా ఎత్తినందుకు ఎగతాళి చేయకూడదు.

మొదటి వరస చోటు, పోటు. డిక్సన్స్ ఒడ్డుకు దూరంగా, తెరిపి సముద్రంలో ఉంది. పోటు ఎక్కేటప్పుడూ ఆటు తీసేటప్పుడూ శిఖరాల చుట్టూ నీరు గట్టిగా లాగుతుంది. ఆ ప్రవాహం తెచ్చే మేత కోసమే పార చేపలూ బారకూడాలూ అక్కడ గుమిగూడతాయి కాబట్టి అది పూర్తిగా లేకపోయినా పస ఉండదు. కావాల్సింది పోటుకూ ఆటుకూ నడుమ నీరు నిలిచే ఆ కాసేపు, దాని అటూ ఇటూ. అండమాన్‌లో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒకదానికీ ఇంకోదానికీ ఆరు గంటల పైచిలుకు ఎడం. మర్నాటికి అంతా సుమారు 50 నిమిషాలు ఆలస్యం. అమావాస్యకూ పున్నమికీ లాగుడు ఎక్కువ. అష్టమి దాటిన ఒకటి రెండు రోజులు నెమ్మది. తిథి చూడకుండా ప్రయాణం పెట్టుకోని ఇళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు ఇది చెప్పడం తేలిక: డిక్సన్స్‌కు నవమి, దశమి మంచివి, పున్నమి నాడు దీవికి ఆనుకున్న నెమ్మది చోట్లు మేలు. కాలం కూడా చూడాలి. నైరుతి రుతుపవనాలు మేలో తాకాక సముద్రం గరుకుతేరుతుంది. డిసెంబరు చివరి నుంచి ఏప్రిల్ దాకా నీరు తేటగా, నిలకడగా ఉంటుంది. అయితే ఏప్రిల్, మే ఎండలు పగడానికి కీడు. 2010 వేసవిలో నీరు వేడెక్కి అండమాన్ అంతటా పగడాలు తెల్లబారిపోయాయి. లోతులో ఉన్నవి కొంత తట్టుకున్నాయి.

ఇప్పుడు పలకను మొత్తంగా చూస్తే ఒకటి స్పష్టమవుతుంది. ఏం చూడబోతున్నామో చెప్పే వరస ఇందులో ఒక్కటీ లేదు. ఎనిమిదీ ఎలా వదిలేసి రావాలో చెప్పేవే. విమానం రోజును వదిలిస్తుంది, గాలి గీత లోతును వదిలిస్తుంది, బొటనవేలు మునకనే వదిలిస్తుంది. చూడడం అన్నది ఈ వదులుకోవడాలన్నీ పోగా మిగిలిన అరగంటలో, ఏ లెక్కా బుర్రను తొలవకుండా జరిగేది. మంచి పథకం వేసినవాడి పని నీళ్ళలో కనపడదు. అంతా అనుకున్నట్టు జరిగితే అసలు పథకమే అక్కర్లేదేమో అనిపిస్తుంది.

ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన ఘట్టం పలక రాశాక వస్తుంది. పడవ చోటుకు చేరింది. ఎనిమిది మంది డబ్బు కట్టారు, పొద్దున అయిదింటికి లేచారు. లంగరు తాడు పక్క నుంచి నీరు గలగలా పారుతోంది, తేలే బుర్ర సగం మునిగి ఊగుతోంది. డైవ్‌మాస్టర్ ఒకసారి తాడు పట్టుకుని దిగి చూసి, పైకొచ్చి, ఇవాళ ఇక్కడ కాదు అంటాడు. మొహాలు మాడతాయి. ఎవరో వాదిస్తారు. అతను వాదించడు, పడవ తిప్పమంటాడు. అంత శ్రద్ధగా కట్టిన లెక్కను అంత తేలిగ్గా చెరిపేయగలగడమే ఆ లెక్క తెలిసినవాడి గుర్తు.

కాబట్టి గుంటూరు నుంచో ఒంగోలు నుంచో అండమాన్ పోయి ఈ సరదా తీర్చుకోవాలనుకునేవాళ్ళు దుకాణం ఎంచుకునేటప్పుడు గోడ మీది ఫొటోలు చూసి మోసపోనక్కర్లేదు. రెండు ప్రశ్నలు అడగండి. ఈ లోతులో ఎన్ని బార్ల దగ్గర వెనక్కి తిరుగుతాం? కిందటిసారి ఏ చోటు నుంచి దిగకుండా వెనక్కొచ్చారు? మొదటిదానికి తడుముకోకుండా ఒక అంకె, రెండోదానికి మొహమాటం లేకుండా ఒక పేరు చెప్పినవాళ్ళ పడవ ఎక్కండి.